విత్తనం మీద ప్రజల మాట

జీవశాస్త్రంలో తలెత్తిన కొత్త ప్రశ్నలను శాస్త్రజ్ఞులతో పాటు సామాన్యులు కూడా కూర్చుని బహిరంగంగా చర్చించే పద్ధతికి దాదాపు యాభై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో ఎక్కువ భాగం జన్యుమార్పిడి చుట్టూ తిరిగింది. అమెరికాలో అది ప్రయోగశాల భద్రత గురించిన వాదనగా మొదలైంది. తెలుగు నేలకు వచ్చేసరికి విత్తనం గురించిన వాదనగా మారింది. జహీరాబాద్ పక్క పల్లెలో జరిగిన ప్రజాతీర్పు, వంకాయ మీద ఏడు నగరాల్లో జరిగిన బహిరంగ చర్చలు ఈ చరిత్రలో ప్రపంచం చెప్పుకోదగ్గ ఘట్టాలు.

1970ల మొదట్లో ఒక జీవి డీఎన్ఏ ముక్కను కత్తిరించి మరో జీవి డీఎన్ఏలో అతికించడం సాధ్యమైంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పాల్ బెర్గ్ 1972లో కోతుల్లో ఉండే ఎస్‌వీ40 వైరస్ డీఎన్ఏను బ్యాక్టీరియాకు సోకే మరో వైరస్ డీఎన్ఏతో కలిపారు. ఎస్‌వీ40 కొన్ని జంతువుల్లో కణితులు పుట్టించగలదని అప్పటికే తెలుసు. అలాంటి జన్యువు మనిషి పేగుల్లో బతికే ఈ.కోలై బ్యాక్టీరియాలో చేరితే ఏమవుతుందన్న భయం తోటి శాస్త్రజ్ఞులకే కలిగింది. 1974 జులైలో బెర్గ్, మరికొందరు కలిసి, కొన్ని రకాల ప్రయోగాలను స్వచ్ఛందంగా ఆపుదామని పత్రికల్లో లేఖ రాశారు. తమ పరిశోధనను తామే నిలిపివేసుకోవడం అంతకుముందు ఎరగనిది. ఆ నిజాయితీని ఎంత మెచ్చుకున్నా తక్కువే. 1975 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా తీరాన అసిలోమార్‌లో సుమారు 140 మంది సమావేశమై, ఏ ప్రయోగానికి ఎంత కట్టుదిట్టం కావాలో తేల్చారు. అయితే చర్చను భద్రత దగ్గరే ఆపేశారు. జీవాయుధాల సంగతి, మనుషుల జన్యువులను మార్చడంలోని మంచిచెడులు ఎజెండాలో చేర్చలేదు. శాస్త్రజ్ఞులు, కొద్దిమంది న్యాయవాదులు, విలేకరులు తప్ప ఆ గదిలో మరెవరూ లేరు.

ఏడాది తిరిగేసరికి ఆ చర్చ ఒక ఊరి పురపాలక సభకు చేరింది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జి నగరంలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఇలాంటి ప్రయోగాల కోసం పీ3 స్థాయి ప్రయోగశాల కట్టాలనుకుంది. భద్రతను బట్టి ప్రయోగశాలలకు పీ1 నుంచి పీ4 వరకు నాలుగు స్థాయిలు పెట్టారు. ప్రమాదం ఎక్కువయ్యే కొద్దీ స్థాయి పెరుగుతుంది. హార్వర్డ్ ఎంచుకున్న భవనం పాతది, చీమలు పట్టినది. గోడల సందుల్లోంచి గదిగదికీ పాకే ఆ చీమలను వదిలించుకోలేని చోట కంటికి కనిపించని బ్యాక్టీరియాను ఎలా కట్టిపెడతారన్న ప్రశ్న అక్కడ పనిచేసేవాళ్ల నుంచే వచ్చింది. హార్వర్డ్ జీవశాస్త్రజ్ఞురాలు రూత్ హబ్బర్డ్, ఆమె భర్త, నోబెల్ గ్రహీత జార్జ్ వాల్డ్ ప్రయోగశాలను వ్యతిరేకించారు. అదే విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ టాష్నీ గట్టిగా సమర్థించారు. మేయర్ ఆల్‌ఫ్రెడ్ వెలూచి 1976 జూన్ 23న, జులై 7న బహిరంగ విచారణలు జరిపించారు. దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలను అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ విడుదల చేసింది కూడా ఆ జూన్ 23నే.

పురపాలక సభ ప్రయోగాలను మొదట మూడు నెలలు ఆపమని కోరి, నగర పౌరులతో ఒక సమీక్షా మండలిని వేసింది. అందులో ఎనిమిది మంది. ఇళ్లు వేడిచేసే నూనె అమ్ముకునే ఒక మాజీ మేయర్ దానికి అధ్యక్షుడు. నర్సుగా పనిచేసే ఒక క్రైస్తవ సన్యాసిని, ఒక వైద్యుడు, భవన నిర్మాణ ఇంజనీరు, వాడకట్టు సమస్యల మీద పనిచేసే మహిళ మిగతా సభ్యుల్లో ఉన్నారు. అణుజీవశాస్త్రం చదివినవారు ఒక్కరూ లేరు. నెలల తరబడి వారు రెండు పక్షాల వాదనలూ విన్నారు, ప్రయోగశాలలు తిరిగి చూశారు, శాస్త్రజ్ఞులను కోర్టులో సాక్షుల్లా నిలబెట్టి అడగవలసినవి అడిగారు. 1977 జనవరిలో ఇచ్చిన నివేదికలో పరిశోధనకు అనుమతి ఇవ్వవచ్చని చెబుతూనే జాతీయ మార్గదర్శకాల కంటే ఎక్కువ జాగ్రత్తలు విధించారు. ఫిబ్రవరిలో నగరం దాన్ని చట్టం చేసింది. సామాన్యులకు అప్పగిస్తే శాస్త్రం ఆగిపోతుందని భయపడినవారి అంచనా తప్పింది. నిబంధనలు ముందే తేలిపోయినందువల్ల తర్వాతి దశాబ్దాల్లో బయోటెక్ కంపెనీలు వరసగా కేంబ్రిడ్జికే వచ్చాయి.

భారతదేశంలో ఇలాంటి చర్చ లేకుండానే నిబంధనలు వచ్చాయి. 1986లో కేంద్రం బయోటెక్నాలజీ విభాగాన్ని ఏర్పాటు చేసింది. అదే ఏడాది వచ్చిన పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989 డిసెంబరులో జన్యుమార్పిడి జీవుల నియమావళిని ప్రకటించింది. అనుమతులిచ్చే పనిని జెనెటిక్ ఇంజనీరింగ్ ఆమోద కమిటీకి అప్పగించారు. దాన్ని జీఈఏసీ అంటారు. అధికారులు, శాస్త్రజ్ఞులు కూర్చునే కమిటీ అది. ప్రజలను సంప్రదించి తీరాలన్న నియమం లేదు. దాదాపు పదేళ్లు ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

పత్తి వచ్చాక పరిస్థితి మారింది. 1997-98 పంటకాలంలో వరంగల్ జిల్లాలో పొగాకు లద్దె పురుగు పత్తిని ఊడ్చేసింది. అప్పు తెచ్చి కొట్టిన మందులు పనిచేయక, పంట చేతికి రాక రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. కొందరు చేనుకు కొట్టగా మిగిలిన పురుగుమందునే తాగారు. పురుగును తనే చంపే పత్తి అన్న మాట ఆ గాయం మానకముందే వచ్చింది. నేలలో ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా జన్యువును పత్తిలో చొప్పిస్తే మొక్కే ఒక ప్రొటీన్ తయారుచేసుకుంటుంది, అది తిన్న శనగపచ్చ పురుగు చచ్చిపోతుంది. ఆ బ్యాక్టీరియా పేరులోని తొలి అక్షరాలతోనే బీటీ అన్న మాట వచ్చింది. విత్తన కంపెనీలు మహికో, మోన్‌శాంటో కలిసి 1998లో ఈ పత్తిని పొలాల్లో పరీక్షించాయి. ప్రయోగాలు జరుగుతున్న పొలాలు ఏవో బయటపడగానే ఆ ఏడాది చివర కర్ణాటకలో ప్రొఫెసర్ నంజుండస్వామి నాయకత్వంలోని రైతు సంఘం చేలను తగలబెట్టింది. తిరిగి మొలకెత్తని ‘టెర్మినేటర్’ విత్తనాలపై అమెరికాలో పేటెంటు వచ్చిన సంవత్సరమది. బీటీ పత్తిలో ఆ లక్షణం లేదు. అయినా ఎవరికీ చెప్పకుండా పరీక్షలు జరిగిన చోట ఇదే ఆ విత్తనమన్న వదంతిని ఆపగల నమ్మకమైన గొంతు లేకపోయింది.

మూడేళ్లకు మెదక్ జిల్లాలో ఇందుకు పూర్తిగా భిన్నమైన ప్రయత్నం జరిగింది. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మెకిన్సీ సంస్థ సాయంతో ‘విజన్ 2020’ పత్రాన్ని విడుదల చేసింది. వ్యవసాయం మీద బతికేవారి వాటాను 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించడం, యంత్రాలు, కాంట్రాక్టు సేద్యం, జన్యుమార్పిడి పంటలు అందులోని వ్యవసాయ చిత్రం. ఆ 30 శాతం మంది ఎక్కడికి వెళ్తారన్నది ఆ పత్రం తేల్చలేదు. వెళ్లవలసినవాళ్లనే ఆ సంగతి అడగాలన్న ఆలోచనతో 2001 జూన్ చివరి వారంలో జహీరాబాద్ దగ్గరి అల్గోల్ గ్రామంలో ‘ప్రజాతీర్పు’ జరిగింది. జీవవైవిధ్య పరిరక్షణ కోసం ఏర్పడిన రాష్ట్ర కూటమి, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, బ్రిటన్‌కు చెందిన రెండు పరిశోధన సంస్థలు కలిసి దీన్ని నిర్వహించాయి. నిర్వహణ సక్రమంగా జరుగుతోందో లేదో చూసే పర్యవేక్షక బృందానికి సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పి.బి. సావంత్ నాయకత్వం వహించారు.

తీర్పరులు 19 మంది. చాలామంది దళిత, ఆదివాసీ కుటుంబాల చిన్న, సన్నకారు రైతులు. వారిలో మహిళలే ఎక్కువ. చదువు రానివారికి పత్రాలు ఇచ్చి లాభం లేదు కనుక భవిష్యత్తు ఎలా ఉండవచ్చో మూడు వీడియోలుగా తీసి చూపించారు. ఒకటి విజన్ 2020 దారి. రెండోది ఎగుమతి కోసం సేంద్రియ పంటలు పండించే దారి. మూడోది ఊరి తిండి ఊరే పండించుకునే స్వావలంబన దారి. తర్వాత ప్రభుత్వ అధికారులు, విత్తన కంపెనీ ప్రతినిధులు, ఆచార్యులు, స్వచ్ఛంద సంస్థలవారు ఒక్కొక్కరే సాక్షులుగా వచ్చి తమ వాదన చెప్పారు. తీర్పరులు వారిని ప్రశ్నించారు. జొన్న, కంది, కొర్ర, సామ కలిపి వేసుకుని ఏ వర్షానికి ఏది నిలబడుతుందో అనుభవంతో తెలిసినవారు వాళ్లు. చర్చ జన్యువు దగ్గర మొదలైనా నేల దగ్గరికీ, పశువుల మేత దగ్గరికీ, విత్తనం గాదె దగ్గరికీ వెళ్లింది.

వారం చివర వెలువడిన తీర్పులో విజన్ 2020 బాటకు ఆమోదం దొరకలేదు. భూములను ఒకచోట చేర్చడం, కూలీ పనిని యంత్రాలు మింగేయడం, కాంట్రాక్టు సేద్యం, బీటీ పత్తి, విటమిన్ ఎ కలిపిన వరి తమకు వద్దన్నారు. ఆరోగ్యమైన నేల, రకరకాల పంటలు, ఊరి మీదే ఆధారపడే తిండి, మందుమొక్కలపై తమ హక్కు కావాలన్నారు. అన్నిటినీ కొట్టిపారేసిన తీర్పు కాదిది. చూపిన మూడు దారుల్లో ఏ ఒక్కదాన్నీ ఉన్నదున్నట్టు తీసుకోకుండా తమకు కావలసినవి ఏరుకుని నాలుగోది కట్టుకున్నారు. విధాన పత్రాలు రాసేవారికి ఆ నేర్పు అరుదుగా ఉంటుంది.

తీర్పు నివేదిక 2002లో అచ్చయ్యాక గొడవ బ్రిటన్‌లో రేగింది. ఆంధ్రప్రదేశ్‌కు సాయం అందిస్తున్న బ్రిటిష్ అంతర్జాతీయాభివృద్ధి శాఖ, తీర్పరుల ఎంపిక రాష్ట్రానికి ప్రాతినిధ్యం వహించదనీ, సాక్షుల్లో ఒక పక్షం మొగ్గు ఉందనీ అభ్యంతరం చెప్పింది. పరిశోధన సంస్థల్లో దానిపై నెలల తరబడి వాదోపవాదాలు నడిచాయి. పందొమ్మిది మంది కోట్లాది మందికి ప్రతినిధులు కాలేరన్నది నిజమే. కానీ అదే గీటురాయి మీద విజన్ 2020 రాసినవారిని పెట్టి చూసిన అధికారి ఒక్కరూ కనిపించరు.

2002 మార్చి 26న బీటీ పత్తికి అనుమతి వచ్చింది. అంతకు కొద్ది నెలల ముందే గుజరాత్‌లో అనుమతి లేని బీటీ విత్తనం వేల హెక్టార్లలో పెరుగుతోందని బయటపడింది. అంటే నిర్ణయం కమిటీ గదిలో జరిగేలోపే చేలో జరిగిపోయింది. తొలి రకాలు వరంగల్ ప్రాంతంలో సరిగా పండలేదు. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు కెమెరాలు పట్టుకుని నెలనెలా వరంగల్ చేలకు వెళ్లి, రైతుల మాటలను సినిమాగా తీశారు. 2005లో జీఈఏసీ మెక్-162, మెక్-184తో సహా మూడు తొలి రకాలను ఆంధ్రప్రదేశ్‌లో అమ్మడానికి ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది వాదన ధర మీదికి మళ్లింది. 450 గ్రాముల ప్యాకెట్ ధర రూ. 1,600 దాటి ఉండేది, అందులో సింహభాగం టెక్నాలజీ రుసుమే. రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌ను ఆశ్రయించి, చివరికి ప్యాకెట్‌ను రూ. 750కి దింపించింది. 2007లో పత్తి విత్తనాల ధరలపై రాష్ట్రమే చట్టం తెచ్చింది.

ఇంకో వైపు, కొత్త హైబ్రిడ్‌లు వచ్చేకొద్దీ రైతులు బీటీ పత్తినే వేశారు. 2010 నాటికి దేశంలో పత్తి విస్తీర్ణంలో అధిక భాగం దానిదే. హైదరాబాద్ కేంద్రంగా రైతు సంఘాల సమాఖ్యను నడిపిన పి. చెంగల్ రెడ్డి లాంటివారు ఈ సాంకేతికత రైతు హక్కని వాదించారు. మహారాష్ట్రలో శరద్ జోషి షేత్కరీ సంఘటన కూడా అదే పక్షం. కనుక రైతులంతా ఒకవైపు, కంపెనీలు మరోవైపు అన్న చిత్రం పూర్తిగా సరైనది కాదు. బాసర నుంచి బళ్లారి దాకా ఒకే ఊరిలో రెండు అభిప్రాయాలూ ఉండేవి.

వంకాయ వంతు వచ్చేసరికి చర్చ మరో మెట్టు ఎక్కింది. పత్తి తినే పంట కాదు. వంకాయ ప్రతి ఇంటి కూర, పైగా ఈ నేలమీదే వేల రకాలుగా పెరిగిన కాయ. దాని బద్ధశత్రువు మొవ్వు, కాయ తొలుచు పురుగు. గుడ్డు నుంచి బయటికి వచ్చిన పిల్ల పురుగు లేత కొమ్మ చివరలోకి దూరి లోపలి గుజ్జు తింటుంది. మొవ్వు వాలి ఎండిపోతుంది. కాయలు దిగాక తొడిమ దగ్గర చిన్న రంధ్రం చేసి లోపలికి పోతుంది. బయటికి కాయ నిగనిగలాడుతూనే ఉంటుంది, కోస్తే పుచ్చు. లోపల దాగిన పురుగుకు మందు తగలదు కనుక రైతు కోతకు ముందు రోజు దాకా కొడుతూనే ఉంటాడు. ఆ మందు కూరతో పాటు వంటింటికి వస్తుంది. బీటీ వంకాయ పరిష్కరిస్తానన్నది నిజమైన సమస్యనే. మహికో వంకాయలో చొప్పించిన బీటీ జన్యువును ధార్వాడ్, కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయాలు స్థానిక రకాల్లోకి ఎక్కించాయి.

భద్రతా పరీక్షల వివరాలు మొదట రహస్యంగా ఉండేవి. సమాచార హక్కు కింద పోరాటం జరిగి, సుప్రీంకోర్టు జోక్యం చేసుకున్నాక 2008లో బయటకు వచ్చాయి. అదే ఏడాది కోర్టు, హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థను స్థాపించిన పుష్ప ఎం. భార్గవను జీఈఏసీ సమావేశాలకు పరిశీలకుడిగా పంపింది. అణుజీవశాస్త్రాన్ని ఈ దేశంలో నిలబెట్టినవారిలో ఒకరైన భార్గవ, జరిగిన పరీక్షలు చాలవని కమిటీలో పదేపదే చెప్పారు. శాస్త్రం తెలియనివారే జన్యుమార్పిడిని వ్యతిరేకిస్తారన్న వాదనకు ఆయన ఉనికే జవాబు. 2009 అక్టోబరు 14న జీఈఏసీ బీటీ వంకాయకు పచ్చజెండా ఊపింది.

అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ మరుసటి రోజే తన నిర్ణయాన్ని వాయిదా వేశారు. నివేదికను బయటపెట్టి డిసెంబరు చివరి దాకా అభిప్రాయాలు అడిగారు. ఆ తర్వాత 2010 జనవరి 13న కోల్‌కతాతో మొదలుపెట్టి భువనేశ్వర్, అహ్మదాబాద్, నాగపూర్, చండీగఢ్, హైదరాబాద్, బెంగళూరుల్లో తానే కూర్చుని చర్చలు జరిపారు. హైదరాబాద్ సభ జనవరి 31న జరిగింది. ఏడు సభలకూ కలిపి సుమారు 8,000 మంది వచ్చారు. రైతులు, వ్యవసాయ శాస్త్రజ్ఞులు, వినియోగదారుల సంఘాలు, వైద్యులు, విద్యార్థులు, గృహిణులు మాట్లాడారు. నేలములక లాంటి వంకాయ జాతి మొక్కలు మందుల్లో వాడతారు కనుక వాటికి పరాగం ద్వారా బీటీ జన్యువు అంటితే ఎలా అని ఆయుర్వేద వైద్యులు అడిగారు. పరీక్షలు చేసిందీ, ఫలితాలిచ్చిందీ కంపెనీయే అయినప్పుడు నమ్మేదెలా అని ఇంకొందరు అడిగారు. సభలు ప్రశాంతంగా ఏమీ సాగలేదు. నినాదాలు, వాగ్వాదాలు, బయట ధర్నాలు అన్నీ ఉన్నాయి. ఇది శాస్త్ర నిర్ణయాన్ని వీధికీడ్చడమని కొందరు శాస్త్రజ్ఞులు బాధపడ్డారు. వారి బాధను తేలిగ్గా తీసిపారేయలేం, కేకలు ఎక్కువైన చోట నిదానంగా చెప్పే మాట మునిగిపోతుంది. కేంబ్రిడ్జిలో లాగా కొద్దిమందికి నెలల సమయమిచ్చే ఏర్పాటు ఇక్కడ చేయలేదు.

ఫిబ్రవరి 9న మంత్రి బీటీ వంకాయను నిలిపివేశారు. శాస్త్రజ్ఞుల్లో ఏకాభిప్రాయం లేకపోవడం, ఆంధ్రప్రదేశ్ సహా పలు రాష్ట్రాలు వద్దనడం, స్వతంత్ర నియంత్రణ సంస్థ లేకపోవడం, తొందరపడాల్సిన అవసరం కనపడకపోవడం ఆయన చెప్పిన కారణాలు. ఉత్తరాలు, నివేదికలు, తన జవాబులు అన్నీ కలిపి వందల పేజీల్లో ప్రచురించారు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 6 లక్షల మంది రైతులు 20 లక్షల ఎకరాల్లో పురుగుమందులు లేకుండా సేద్యం చేస్తున్నారని అందులో ప్రస్తావించారు. బీటీ మందులను తగ్గిస్తుంది, ఈ పద్ధతి పూర్తిగా మాన్పిస్తుంది అన్నది ఆ పోలిక సారం. మహిళా పొదుపు సంఘాల ద్వారా పల్లెల్లో నడిచిన కార్యక్రమం ఢిల్లీ నిర్ణయంలో సాక్ష్యంగా నిలిచింది.

అదే సంవత్సరం ఆరు జాతీయ శాస్త్ర అకాడమీలు కలిసి బీటీ వంకాయను పరిమితంగా విడుదల చేయవచ్చని నివేదిక ఇచ్చాయి. అందులోని కొన్ని భాగాలు బీటీని సమర్థిస్తూ అంతకుముందు అచ్చయిన ఒక వ్యాసం నుంచి ఎత్తిరాసినవని తేలడంతో దాన్ని సవరించుకోవలసి వచ్చింది. ప్రజలు శాస్త్రాన్ని నమ్మడం లేదని వాపోయే పెద్దలు ఆ ఘటనను గుర్తుంచుకోవాలి. 2012లో పార్లమెంటు స్థాయీ సంఘం జన్యుమార్పిడి ఆహార పంటల మీద తీవ్రమైన హెచ్చరికలతో నివేదిక ఇచ్చింది. 2013 అక్టోబరులో బంగ్లాదేశ్ మాత్రం అదే బీటీ వంకాయకు అనుమతిచ్చింది, మరుసటి ఏడాది అక్కడి రైతులు నాటారు.

నిలిపివేత వల్ల ప్రశ్నలు తీరలేదు. తెలంగాణ, ఆంధ్ర పత్తి చేలలో కలుపుమందును తట్టుకునే విత్తనం అనుమతి లేకుండానే చేతులు మారుతోంది. బీటీకి గులాబీ రంగు పురుగు అలవాటు పడింది. 2022 అక్టోబరులో జన్యుమార్పిడి ఆవకు కేంద్రం పర్యావరణ అనుమతి ఇచ్చింది. దానిపై 2024 జులై 23న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు భిన్న తీర్పులిచ్చినా, రైతులు, రాష్ట్రాలు తదితరులను సంప్రదించి జాతీయ విధానం రూపొందించాలన్న మాటలో ఇద్దరూ ఏకీభవించారు.

ఈలోగా శాస్త్రం మరో మలుపు తిరిగింది. బయటి జన్యువును తెచ్చి పెట్టకుండా ఉన్న జన్యువులోనే చిన్న మార్పు చేసే జన్యు సవరణ పంటలను 2022 మార్చిలో కేంద్రం 1989 నియమావళిలోని కీలక నిబంధనల నుంచి మినహాయించింది. 2025 మే 4న రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించారు. మొదటిది రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ రూపొందించిన డీఆర్ఆర్ ధాన్ 100, అంటే కమల. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి దీనికి మూలం. మూల రకం కంటే ఇది సుమారు 20 రోజుల ముందే కోతకు వస్తుందని పరిశోధకులు చెప్పారు. రెండోదాన్ని ఢిల్లీ శాస్త్రజ్ఞులు ఎంటీయూ 1010 నుంచి తయారుచేశారు. మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన ఆ రకాన్ని రైతులు కాటన్‌దొర సన్నాలు అంటారు. ఈ రకాల కోసం వాడిన క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతి మీద విదేశాల్లో పేటెంట్లు ఉన్నాయి. రేపు ఈ విత్తనంపై హక్కు ఎవరిదన్న ప్రశ్నను రైతు సంఘాలు అప్పుడే లేవనెత్తాయి. ఆ ప్రశ్నను విని జవాబు చెప్పే బహిరంగ విచారణ ఏదీ ఈ రెండు రకాల విడుదలకు ముందు జరగలేదు.